శాటిలైట్‌కి కనపడని సముద్రం: బికినీ దీవి నుంచి గోదారి మొగ దాకా

ముందు స్క్రీన్ మీద ఈ మ్యాప్ చూడండి. పసిఫిక్ మహాసముద్రం ఇది. జపాన్ దగ్గర నలుపు, ఊదా రంగుల్లో మొదలై, ఎరుపు, నారింజ, పసుపు చారలు అమెరికా దాకా పాకిపోయాయి. "ఫుకుషిమా విషం సముద్రమంతా ఎక్కేసింది, ఇదిగో శాటిలైట్ ఫొటో" అని మీ ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో కూడా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది.

అది ఫొటో కాదు. రేడియేషన్ అంతకన్నా కాదు. 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన సునామీ అలలు ఎక్కడ ఎంత ఎత్తు లేచాయో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా కంప్యూటర్‌లో లెక్కగట్టి వేసిన బొమ్మ. ఆ రంగులు అల ఎత్తు, సెంటీమీటర్లలో. పక్కనున్న స్కేల్ కత్తిరించి ఫార్వర్డ్ చేస్తే చాలు, అల కాస్తా అణు విషం అయిపోయింది.

2023 ఆగస్టు 24న ఫుకుషిమా ప్లాంట్‌లో శుద్ధి చేసిన నీళ్లని జపాన్ సముద్రంలోకి వదలడం మొదలుపెట్టింది. అదే రోజు చైనా జపాన్ చేపలు, రొయ్యలు మొత్తం బంద్ పెట్టింది. ఆ వారంలోనే ఈ మ్యాప్ మా గ్రూప్‌లోకి మళ్లీ దిగింది. మా మేనమామకి అంతర్వేది వైపు రొయ్యల చెరువులున్నాయి. ఆయన ఫోన్ చేసి, "ఏరా, అంత దూరం సముద్రాన్ని పైనుంచి ఫొటో తీసేత్తన్నారు గదా, మన అంతర్వేది కాడ ఎంతుందో కూడా ఓసారి చూసి చెప్పొచ్చుగా?" అన్నాడు. ప్రశ్న చిన్నదే గానీ, దాని జవాబు వెనక డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. ఈరోజు ఎపిసోడ్ అంతా అదే.

శాటిలైట్ నుంచి సముద్రపు నీటిలో రేడియోధార్మికత కనపడదు. ఇప్పుడున్న ఏ దేశం శాటిలైట్‌కీ కనపడదు.

ఎందుకో చూద్దాం. అణు ప్రమాదాల్లో ఎక్కువగా వినపడే పేరు సీజియం-137. దాన్నుంచి వచ్చే గామా కిరణాలనే మనం బయటినుంచి పట్టుకోవాలి. నీటిలో ప్రతి 8 సెంటీమీటర్లకి ఆ కిరణాల్లో సగం ఆగిపోతాయి. ఇంకో 8 సెంటీమీటర్లకి మిగిలిన దాంట్లో సగం. అలా ఒక మీటర్ లోతు నుంచి పైకి వచ్చేసరికి దాదాపు ఐదు వేలకి ఒకటి మిగులుతుంది. అంటే నడుముల్లోతు నీళ్లే దానికి గోడ. సరే, నీటి పైపొర నుంచి వచ్చినవైనా పైకి వెళ్తాయా అంటే, మన నెత్తిమీదున్న గాలి మొత్తం బరువు పది మీటర్ల లోతు నీళ్లతో సమానం. ఆ పది మీటర్ల గోడ దాటి అంతరిక్షంలోకి చేరేది ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక సరదా విషయం. 1980లో అమెరికా సూర్యుణ్ణి చూడ్డానికి సోలార్ మ్యాక్సిమమ్ మిషన్ అని ఒక శాటిలైట్ పంపింది. దాని గామా డిటెక్టర్‌కి మధ్యమధ్యలో సూర్యుడితో సంబంధం లేని సిగ్నల్స్ వచ్చేవి. చూస్తే అవి సోవియట్ గూఢచారి శాటిలైట్లలో ఉన్న చిన్న అణు రియాక్టర్లు! ఆ సంగతి చాలా ఏళ్లు రహస్యంగా ఉంచి 1980ల చివర్లో గానీ బయటపెట్టలేదు. అంటే పైన శూన్యంలో ఎగిరే రియాక్టర్ శాటిలైట్‌కి దొరికింది. కింద కాలవలో పడ్డ సీజియం మాత్రం దొరకదు. తేడా అంతా మధ్యలో ఉన్న గాలీ నీళ్లే.

విమానం అయితే వేరే కథ. వంద మీటర్ల ఎత్తులో ఎగిరితే నేల మీది గామా కిరణాలు బాగానే అందుతాయి. మన హైదరాబాద్ బేగంపేటలో ఉన్న అణు ఖనిజ సంస్థ, ఏఎండీ, విమానాలకి, హెలికాప్టర్లకి డిటెక్టర్లు కట్టి యురేనియం, థోరియం వెతికేది ఇలాగే. భీమిలి తీరం ఇసకలో మోనజైట్ ఉందంటారే, అందులో థోరియం ఉంటుంది, అలాంటివి దొరుకుతాయి. కానీ ఇసక మీద పనికొచ్చిన పద్ధతి నీటి మీద పెద్దగా పనికిరాదు. నీరు తన కిరణాల్ని తానే మింగేస్తుంది.

మరి సముద్రంలో మొదట ఎవరు కొలిచారు? ఇక్కడి నుంచే అసలు చరిత్ర.

1954 మార్చి 1. పసిఫిక్‌లోని బికినీ దీవి దగ్గర అమెరికా క్యాజిల్ బ్రావో అనే హైడ్రోజన్ బాంబు పేల్చింది. 15 మెగాటన్నులు, వాళ్లు అనుకున్న దానికంటే రెండు రెట్లు పైనే. దూరంగా ట్యూనా వేటలో ఉన్న ఒక జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవ పేరు దైగో ఫుకుర్యు మారు, లోపల 23 మంది. వాళ్లలో రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా అదే ఏడు సెప్టెంబర్ 23న చనిపోయాడు. జపాన్ చేపల మార్కెట్లలోకి గైగర్ కౌంటర్లు వచ్చాయి. టిక్ టిక్ మన్న ట్యూనాలన్నీ పారబోశారు. మన కాకినాడ రేవులో వేట దిగగానే చేప చేపకీ మీటర్ పెట్టి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేప బాగున్నా కొనేవాడుండడు.

సముద్రం చాలా పెద్దది, కొంత దూరం పోయేసరికి కలిసిపోతుందిలే అనేది అప్పటి అమెరికా అధికారుల ధీమా. జపాన్ ఆ మాట నమ్మి కూర్చోలేదు. మూడు నెలలు తిరగకముందే, 1954 మే నెలలో, షుంకొత్సు మారు అనే ఓడని సైంటిస్టులతో బికినీ వైపు పంపింది. వాళ్లు దారి పొడుగునా బకెట్లతో, సీసాలతో రకరకాల లోతుల్లోంచి నీళ్లు తోడారు. చేపల్ని పట్టి కోసి చూశారు. బికినీకి వందల కిలోమీటర్ల దూరంలో కూడా నీటిలో రేడియోధార్మికత దొరికింది. సముద్రం అన్నిటినీ సమానంగా కలిపేసే మిక్సీ కాదు, ప్రవాహాలు ఆ నీటిని ఒక దారిలో మోసుకుపోతాయి అని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడు అమెరికా కూడా ఓడ పంపి చూసుకుంది.

ఈ పనిలో నాకు బాగా నచ్చిన మనిషి కత్సుకో సరుహషి. 1920లో టోక్యోలో పుట్టిన కెమిస్ట్. యసువో మియాకె ల్యాబ్‌లో పనిచేసేది. లీటర్ల కొద్దీ సముద్రపు నీటిలోంచి లేశమంత సీజియంని విడదీసి కొలవడం ఆవిడ చేతి పని. జపాన్ పక్క నీటిలో ఇంత ఉందని వీళ్లు లెక్కలు ప్రకటిస్తే, అంత ఉండదు, మీ కొలతలోనే ఏదో తేడా ఉందని అమెరికాలో కొందరు అనుమానపడ్డారు. దానికి ఆవిడ వాదన పెట్టుకోలేదు. 1962లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థకి వెళ్లి, అక్కడి నిపుణుడు థియోడర్ ఫోల్సమ్ పక్కన కూర్చుని, ఒకే నీటిని ఎవరి పద్ధతిలో వాళ్లు కొలిచే పోటీలాంటి పరీక్షకి దిగింది. నెలలు పట్టింది. ఆవిడ పద్ధతి సరైనదేనని తేలింది. సరుహషి పేరు మన స్కూల్ పుస్తకాల్లో ఎక్కడా చూడలేదు నేను.

ఇక 2011కి వద్దాం. ఫుకుషిమా ప్లాంట్ బయటికి నీళ్లు పడే చోట ఏప్రిల్ మొదటి వారంలో లీటరుకి 68,000 బెక్వెరెల్స్ సీజియం-137 నమోదైంది. బెక్వెరెల్ అంటే సెకనుకి ఒక అణువు విచ్ఛిన్నం కావడం, అంతే. ఈ 68,000 ఎంత పెద్ద సంఖ్యో తెలియాలంటే పక్కన ఇంకో సంఖ్య కావాలి. ప్రమాదానికి ముందు పసిఫిక్‌లో ఉన్న పాత బాంబుల తాలూకు సీజియం వెయ్యి లీటర్లకి ఒకటి, రెండు బెక్వెరెల్స్. ఒక లీటరుకి కాదు, వెయ్యి లీటర్లకి.

ఇంకో సంగతి. ఏ ప్రమాదం లేకపోయినా ఏ సముద్రమైనా రేడియోధార్మికమే. ఉప్పులో పొటాషియం ఉంటుంది, అందులో కొంచెం పొటాషియం-40 ఉంటుంది. దానివల్ల లీటరు సముద్రపు నీటికి సుమారు 12 బెక్వెరెల్స్. రావులపాలెం మార్కెట్‌లో ఒక మంచి సైజు అరటిపండు తీసుకుంటే దానికీ ఇంచుమించు అంతే. కాబట్టి "సముద్రంలో రేడియేషన్ దొరికింది" అనే హెడ్డింగ్ చూసినప్పుడు ఏ మూలకం, ఎంత, ముందు ఎంత ఉండేది అనే మూడూ లేకపోతే ఆ వీడియో స్క్రోల్ చేసేయండి. నా వీడియో అయినా సరే.

ఫుకుషిమా తర్వాత అమెరికాలో కెన్ బ్యూసెలర్ అనే సముద్ర రసాయన శాస్త్రవేత్త 2014లో ఒక పని చేశాడు. తీరం పొడుగునా జనాన్నే నీళ్లు పట్టి పంపమన్నాడు. ఖర్చుకి చందాలు కూడా వాళ్లే వేసుకున్నారు. ఒక్కో శాంపిల్ 20 లీటర్లు, అంటే మనింట్లో వాటర్ క్యాన్ అంత. సర్ఫింగ్ చేసేవాళ్లు, స్కూల్ పిల్లలు, పడవల వాళ్లు పట్టి పంపారు. ఆ ఏడు నవంబర్‌లో కాలిఫోర్నియా తీరానికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో పట్టిన నీటిలో సీజియం-134 దొరికిందని ప్రకటించారు. 134కి సగం ఆయుష్షు రెండేళ్లే. పాత బాంబులదైతే ఎప్పుడో మాయమైపోయి ఉండాలి. కాబట్టి అది ఫుకుషిమాదే, వేలిముద్ర దొరికినట్టు. మోతాదు మాత్రం వెయ్యి లీటర్లకి రెండు బెక్వెరెల్స్ దగ్గర. ఆ మ్యాప్‌లో అమెరికా దాకా పాకిన రంగు, వాస్తవంలో మూడున్నరేళ్లు పట్టి, ఇంత పలచగా చేరింది.

మరి రిమోట్‌గా చేసే పద్ధతే లేదా? ఉంది. అయితే దూరంగా ఉండేది మనిషి, పరికరం మాత్రం నీళ్లలోనే మునిగి ఉండాలి. సోడియం అయొడైడ్ స్ఫటికాన్ని నీళ్లు చొరబడని గొట్టంలో పెట్టి, బోయాకి వేలాడదీస్తారు. గామా కిరణం తగిలితే స్ఫటికం చిన్నగా మెరుస్తుంది. ఆ మెరుపు ఎంత బలంగా ఉందో బట్టి ఏ మూలకమో చెప్పొచ్చు. లెక్క శాటిలైట్ ద్వారా ఒడ్డుకి వస్తుంది. ఇక్కడ శాటిలైట్ కన్ను కాదు, పోస్ట్‌మ్యాన్. జర్మనీ బాల్టిక్, ఉత్తర సముద్రాల్లో ఇలాంటివి పెట్టింది. గ్రీస్‌లో వాళ్ల డిటెక్టర్ పేరు కటరీనా (మన కత్రినా కాదు, నేనూ మొదట అదే అనుకుని క్లిక్ చేశాను). ఫుకుషిమా దగ్గర టోక్యో యూనివర్సిటీ వాళ్లయితే డిటెక్టర్‌ని పొడుగాటి గొట్టంలో పెట్టి, ఓడకి కట్టి, సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోయి బురదలో సీజియం ఎక్కడ గుంపుగట్టిందో మ్యాప్ చేశారు.

అలాగని మన శాటిలైట్లు దండగ అనుకోకండి. 1999 మే 26న శ్రీహరికోట నుంచి ఓషన్‌శాట్-1 వెళ్లింది, 2009లో రెండోది, 2022 నవంబర్‌లో మూడోది. అవి సముద్రం రంగు చూస్తాయి. నీటిలో నాచు ఎంతుందో, వేడి ఎంతుందో కలిపి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ లెక్కగట్టి, చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకి పంపుతుంది. వరదల్లో ఎర్ర గోదారి సముద్రంలో ఎంత దూరం చొచ్చుకుపోయిందో కూడా ఆ బొమ్మల్లో కనపడుతుంది. అంటే నీరు ఎటు పోతోందో శాటిలైట్ చెబుతుంది. ఆ నీటిలో ఏముందో క్యాన్ గానీ, డిటెక్టర్ గానీ చెప్పాలి. రెండూ కలిస్తేనే పూర్తి బొమ్మ.

ఇప్పుడు మనూరికి వద్దాం. అణువుల్ని కొలిచే విద్యకీ గోదావరి జిల్లాకీ పాత చుట్టరికం ఉంది. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు అని ఒకాయన పుట్టారు. సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాల్లో తపస్సు చేశారు, యోగం గురించి చెప్పడానికి జర్మనీ వెళ్లి, అక్కడ ఐన్‌స్టీన్ సిద్ధాంతం మీద పాఠాలు విని ఫిజిక్స్‌లో పడిపోయారు. ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద పరిశోధన, తర్వాత లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పని. 1950ల మధ్యలో విశాఖ వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం కట్టారు. అక్కడి ల్యాబ్‌కి ఇప్పటికీ ఆయన పేరే. కాషాయం కట్టుకుని బీటా కిరణాలు కొలిచిన పల్లెటూరి మనిషి. ఆయన మీద వేరే ఎపిసోడే చెయ్యాలి.

గోదారి మొగ దగ్గర నీటిలో రేడియోధార్మికతని నిజంగానే కొలిచారు కూడా. కొలిచింది ఏ ప్రమాదం కోసమూ కాదు. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీ, విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ సైంటిస్టులు కలిసి చేసి, 2015లో ప్రచురించారు. వాళ్లు వెతికింది రేడియం.

గోదారి మోసుకొచ్చే మట్టిలో సహజంగానే థోరియం, యురేనియం ఉంటాయి. వాటినుంచి రేడియం పుడుతూనే ఉంటుంది. మంచినీటిలో ఉన్నంతసేపూ అది మట్టి రేణువుకి అంటుకుని కూర్చుంటుంది. ఉప్పునీరు తగలగానే సోడియం, మెగ్నీషియం గుంపుగా ఎక్కేసి సీట్లు పట్టేస్తాయి, సంక్రాంతికి రాజమండ్రి కాంప్లెక్స్‌లో బస్సు వచ్చినట్టు. రేడియం నీళ్లలోకి దిగిపోతుంది. ఉప్పునీరు కలిసిన భూగర్భజలంలోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి నదిలోంచి రావాల్సిన దానికంటే తీరంలో రేడియం ఎక్కువ కనపడిందంటే, ఇసక పొరల కింద నుంచి, కంటికి కనపడకుండా, భూగర్భజలం సముద్రంలోకి ఊరుతోందన్నమాట.

పట్టే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. మాంగనీస్ పట్టించిన నల్లటి ఉన్నిలాంటి పీచు గుండా బోలెడన్ని లీటర్ల నీళ్లు నెమ్మదిగా పోనిస్తారు. రేడియం ఆ పీచుకి పట్టేస్తుంది. రేడియంలో నాలుగు రకాలు. ఒకదాని సగం ఆయుష్షు నాలుగు రోజుల లోపు, ఇంకోదానిది 11 రోజులు, మరోదానిది ఐదేళ్ల పైన, చివరిదానిది 1,600 ఏళ్లు. నాలుగు గడియారాలు ఒకేసారి పెట్టినట్టు. ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ తక్కువ ఆయుష్షుది ఎంత తగ్గిందో చూసి, ఆ నీరు మొగ దాటి ఎన్ని రోజులైందో లెక్కగడతారు.

మా మేనమామ లాంటివాళ్లకి ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా అంతా కాలవలు, వరి చేలు, తర్వాత చేపల, రొయ్యల చెరువులు. వేసవిలో ఆనకట్ట కిందికి నదిలో నీళ్లే అంతంతమాత్రం. కానీ చేలల్లో, చెరువుల్లో ఇంకిన నీరు ఎరువుల నత్రజని లాంటివి కలుపుకుని కింద నుంచి తీరానికి చేరగలదు. ఆ పరిశోధన తేల్చాలనుకున్నది కూడా అదే, భూగర్భజలం తీరానికి ఎంత పోషకం మోస్తోందని. ఫుకుషిమా గురించి భయపడుతూ అడిగిన మనిషికి, తన చెరువు నీరే ఎటు పోతోందో రేడియం చెప్పగలదని చెబితే, కాసేపు ఏం మాట్లాడలేదు.

చివరిగా, నాకు అసలు ఆందోళనగా అనిపించే సంగతి. మన డెల్టాకి దక్షిణాన తమిళనాడులో కల్పాక్కం అణు కేంద్రం 1984 నుంచి నడుస్తోంది. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలని ప్రతిపాదన. తూర్పు తీరం వెంట పోయే సముద్ర ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి. అంటే రెండు వైపుల నీరూ ఏదో ఒక కాలంలో మన మొగల ముందు నుంచే పోతుంది. అణు కేంద్రాల దగ్గర బార్క్ వాళ్ల పర్యావరణ ల్యాబ్‌లు నీరు, చేప, బురద కొలుస్తూ ఉంటాయి, అది మంచిదే. కానీ ప్లాంట్ గేటు దగ్గర కొలత వేరు, అంతర్వేది మత్స్యకారుడికి కావలసిన కొలత వేరు. కొవ్వాడ కట్టాలా వద్దా అనేది ఇంకో చర్చ. కట్టినా, కట్టకపోయినా, ఇవాళ ఎంతుందో రాసిపెట్టుకోవాలి అనేది నా మాట. రేపు పుకారు లేస్తే, పులస అమ్మేవాళ్ల చేతిలో చూపించడానికి ఒక కాగితం ఉండాలి కదా.

అది ఒక్కరోజు కొలిస్తే వచ్చేది కాదు. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో సర్వర్లకి అలర్ట్‌లు పెట్టేవాళ్లం. మామూలు రోజు ఎలా ఉంటుందో తెలియకుండా పెట్టిన అలర్ట్ అర్ధరాత్రి ఊరికే మోగుతుంది. గోదారి మొగ దగ్గర బోయాకి డిటెక్టర్ కడితే సరిగ్గా అదే జరుగుతుంది. ఆగస్టు వరదకి ఉప్పు పలచబడుతుంది కాబట్టి పొటాషియం గీత కిందికి పడిపోతుంది. ఎర్ర మట్టితో రేడియం పెరుగుతుంది. తొలకరి వాన పడగానే గాలిలోని రేడాన్ పిల్ల మూలకాలు వానతో దిగి, కాసేపు గామా లెక్క ఒక్కసారిగా ఎగురుతుంది, గంటా రెండు గంటల్లో మళ్లీ తగ్గిపోతుంది. ఏప్రిల్‌లో పోటు నీరు యానాం దాటి పైకి ఎక్కినప్పుడు పొటాషియం మళ్లీ లేస్తుంది. ఇవన్నీ గోదారి రోజువారీ ఊపిరి. కనీసం ఒక ఏడాది పాటు, వరదా, వేసవీ రెండూ కలిపి ఆ ఊపిరి రికార్డ్ చేస్తేనే, తర్వాత ఎప్పుడైనా సీజియం గీత 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కొత్తగా లేస్తే, అది వాన కాదు, వరద కాదు అని చెప్పగలం.